వంతెన దగ్గర స్టేజీ మారుతుంది

కుదురుగా ఒకచోట కూర్చోవడం రైటమ్మకి చేతకాదు. ఇంట్లో ఉన్నా అంతే. తోమిన గిన్నెలే మళ్లీ తోముతుంది, మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెడుతుంది, టీ కప్పు పట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ తాగుతుంది. ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే ఇల్లు చేరే మొగుడు, "కాసేపు ఆగవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంటాడు. ఆగదు. సిటీ బస్సులో కండక్టరుగా అలవాటుపడ్డ ఒళ్లు మరి, కాళ్ల కింద నేల కదలకపోతే దానికి తోచదు. అసలు పేరు ఉద్యోగపు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. "రైట్, రైట్" అని ఆవిడ వేసే కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది కాబట్టి, ప్రయాణికులు పెట్టిన పేరే ఖాయమైపోయింది. డిపోలో పై అధికారులు కూడా ఆ పేరుతోనే పిలిచి, ఆనక నాలుక కరుచుకుంటారు.

అయితే ఈమధ్య ఆవిడ తిరుగుడు మామూలు తిరుగుడు కాదు. అచ్చం కాలుకాలిన పిల్లే. దానికంతకీ కారణం, అరవడమే పనిగా బతికిన మనిషి ఒక వానరోజు నోరు మూసుకుని ఊరుకోవడం.

సంగతేమిటంటే, ఆవిడ బస్సు నది మీది పాత వంతెన దాటి అవతలి ఒడ్డుకు పోతుంది. వంతెనకి ఇవతల ఒక స్టేజీ, అవతల ఇంకో స్టేజీ. అంటే వంతెన దాటితే టికెట్టు ధర పెరుగుతుంది. పెద్దాసుపత్రి, మిల్లు, ఆఫీసులు అన్నీ అవతలే ఉన్నాయి. వాటిలో ఊడ్చేవాళ్లూ, ఉతికేవాళ్లూ, మూటలు మోసేవాళ్లూ మాత్రం ఇవతల ఉంటారు. అందుకని బస్సులో సగం మంది వంతెన ముందే దిగిపోయి అవతలికి నడుస్తారు. దిగేవాళ్లకి ముందుగా చెప్పే పూచీ కండక్టరుది. "స్టేజీ మారుతోంది, దిగేవాళ్లు దిగండి" అని గట్టిగా కేకెయ్యాలి. ఆ కేకతో బస్సు సగం ఖాళీ అవుతుంది. ఖాళీ సీట్లేసుకుని బస్సు వంతెన ఎక్కుతుంది. ఆ పక్కనే ఫుట్‌పాత్ మీద, అప్పటిదాకా అవే సీట్లలో కూర్చున్న మనుషులు, సంచులు భుజాన వేసుకుని వరసగా నడుస్తూ ఉంటారు. ఇంతకన్నా పిచ్చి ఏర్పాటు ఎవడైనా పనిగట్టుకుని చేద్దామన్నా కుదరదు.

ఆ వరసలో రైటమ్మ చెల్లెలు కూడా ఉంటుంది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పొద్దస్తమానం నిలబడే పని కావడంతో కుడికాలి మడమ పాడైంది. కండక్టరుకి మొగుడి పేరా, పిల్లల పేరా పాసులు ఇస్తారు గానీ తోడబుట్టినవాళ్లకి ఇవ్వరు. అందువల్ల చెల్లెలు అక్క బస్సే ఎక్కి, అక్క చేతే టికెట్టు కొట్టించుకుని, అక్క కేక వినే దిగి నడిచేది. రైటమ్మ ఒక్కనాడు కూడా చూసీచూడనట్టు పోనివ్వలేదు. డిపోలో దాన్ని నిజాయితీ అనేవాళ్లు, చెల్లెలేమో పిరికితనం అనేది. రెండూ నిజమే.

ఆ వానరోజున తెల్లారేసరికే కుండపోత. బస్సు కిటికీల షట్టర్లన్నీ దించేశారు. ఎక్కడిదాకా వచ్చామో డ్రైవరుకి తప్ప ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు జనానికి రైటమ్మ గొంతే ఆధారం. వంతెన ముందు డ్రైవరు ఎప్పటిలాగే బండి నెమ్మది చేశాడు. రైటమ్మ కేకెయ్యడానికి నోరు తెరిచింది. ఎదురుగా చెల్లెలు మడమ నేలకి ఆనకుండా మునివేళ్ల మీద నిలబడి, చేతిలో గొడుగైనా లేకుండా, కేక కోసం చెవులు రిక్కించి ఉంది. తెరిచిన నోరు అలాగే మూతపడింది. చెయ్యి మాత్రం పైకిపోయి గంట తాడు రెండుసార్లు లాగింది. బస్సు వంతెన ఎక్కేసింది.

వంతెన దాటేదాకా ఆవిడ సంబరం చూడాలి. ఎవరికీ చెప్పకుండా అందరికీ ఏదో పెట్టేసినట్టు లోలోపలే మురిసిపోయింది. అవతలి ఒడ్డున బస్సు ఆగింది. వానకి షెల్టరు కింద తలదాచుకున్న చెకింగ్ వాళ్లు పొలోమని ఎక్కేశారు.

ఇవతలి స్టేజీ టికెట్టుతో అవతల పట్టుబడ్డవాళ్లు బస్సునిండా ఉన్నారు. "కండక్టరు కేకెయ్యలేదండీ" అని మొత్తుకున్నారు. రైటమ్మ కూడా దాచలేదు. "నేను కేకెయ్యలేదు. తప్పు నాదే. వాళ్లని వదిలెయ్యండి" అంది. చెకింగ్ అధికారి అంతా ఓపిగ్గా విని, రూలు ప్రకారం ఆవిడ పేర మెమో రాసి, రూలు ప్రకారమే జనానికీ జరిమానాలు రాశాడు. తప్పు ఒప్పుకుంటే మిగతావాళ్లు బయటపడతారనుకుంది పిచ్చిది. ఉన్నవాళ్లు కట్టి, ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పోయారు. లేనివాళ్లని వానలో ఓ పక్కన నిలబెట్టారు. చెల్లెలు ఆ నిలబడ్డవాళ్లలో ఉంది. లాండ్రీకి చేరేసరికి ఆలస్యమైంది. ఇంకొక్కసారి ఇలా వస్తే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు మొహంమీదే చెప్పేశాడు.

"నిన్నెవరు ఊరుకోమన్నారక్కా?" అంది చెల్లెలు ఆ సాయంత్రం, గుమ్మంలో నిలబడే. "నేను అడిగానా? నడిచేదాన్ని నడవనివ్వకుండా నా కొంప ముంచావు."

"వానలో నువ్వు కుంటుతుంటే చూడలేకపోయానే."

"చూడకు. నీ పని నువ్వు చెయ్."

ఆ తర్వాత చెల్లెలు మాట్లాడడం మానేసింది. బస్సు మాత్రం అదే. ఎక్కుతుంది, టికెట్టుకి చెయ్యి చాస్తుంది, మొహం పక్కకి తిప్పుకుంటుంది. వంతెన వస్తుందనగా, రైటమ్మ కేకేసే లోపే లేచిపోయి తలుపు దగ్గర నిలబడుతుంది. ఎవరో పరాయివాడు తిడితే దులపరించుకుని పోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఇటు మెమో మీద విచారణ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. గిన్నెలు అరిగిపోయేలా తోమిందంటే తోమదా మరి.

సరిగ్గా ఆ సమయంలోనే నగరపాలక సంస్థ ఒక కబురు ఊరిమీదకి వదిలింది. ఇంటి పన్ను కొద్దిగా పెంచుతారట. ఆ డబ్బు బస్సులకి ఇస్తారట. ఇక స్టేజీలూ గీజీలూ ఉండవు, ఊళ్లో ఎక్కడెక్కి ఎక్కడ దిగినా ఒకటే చవక టికెట్టు. అందరి అభిప్రాయాలూ వినడానికి బహిరంగ సభ పెడతారట. ఊళ్లో రెండే వర్గాలు మిగిలాయి. ఇల్లున్నవాళ్లు ఒంటికాలి మీద లేచారు, బస్సెక్కేవాళ్లు చంకలు గుద్దుకున్నారు. అద్దె ఇంట్లో ఉంటూ బస్సులో పనిచేసే రైటమ్మ ఎటు దూకాలో తెలియక మధ్యలో మిగిలింది.

యూనియన్ కార్యదర్శి ఆవిడని డిపో విశ్రాంతి గదికి పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. తోటివాళ్ల ఉద్యోగాల కోసం తిండి మానేసి తిరిగిన మనిషి.

"కూర్చో రైటమ్మా."

"పర్లేదండి, చెప్పండి."

"ఊరంతా ఒకటే టికెట్టంటే ఏమవుతుందో ఆలోచించావా? డ్రైవరు పక్కన ఒక డబ్బా పెడతారు. ఎక్కేవాడు అందులో వేసి ఎక్కుతాడు. ఇక నువ్వెందుకు, నీ గంట తాడెందుకు?"

"నిజమేనండి."

"ఆ మాటే సభలో చెప్పు. నువ్వు చెబితే జనం వింటారు. నువ్వంటే అభిమానం వాళ్లకి."

"జరిమానాలు కట్టించాక కూడానా అండీ?"

"తిట్టుకుంటూనే ఉంటుందమ్మా అభిమానం." గొంతు తగ్గించాడు. "నీ మెమో సంగతి నేను చూసుకుంటా. విచారణలో నీ పక్కన నేను కూర్చుంటా. నువ్వు సభలో నాలుగు ముక్కలు మాట్లాడు, చాలు."

రైటమ్మ సరేనంది. ఉద్యోగం నిలబడుతుందంటే ఎవరు మాత్రం కాదంటారు? కానీ సరేనన్న క్షణం నుంచీ చెవిలో జోరీగ దూరినట్టే ఉంది. బస్సులో ఒకరికి ఇవ్వాల్సిన టికెట్టు ఇంకొకరికి ఇచ్చింది. ఇంటికొస్తే మెట్ల దగ్గర ఇంటి ఓనరు పట్టుకున్నాడు. రిటైరై, కింది వాటాలో ఉంటూ పైవాటా అద్దెతో బతుకుతున్న పెద్దాయన.

"మీ బస్సులకి నేనెందుకు కట్టాలమ్మా? నేను బస్సెక్కి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. ఆ మెట్టు నడుమెత్తున ఉంటుంది, నా మోకాళ్లకి అందదు."

"మెట్టు ఎత్తేనండి బాబాయిగారూ. నిజమే."

"పన్ను పెంచితే నేను అద్దె పెంచక తప్పదు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను అనుకోవద్దు."

అదీ నిజమే అనిపించింది. ఎవరు మాట్లాడినా నిజమే అనిపించడం కన్నా నరకం ఇంకోటి లేదు. ఒక్కడైనా అడ్డగోలుగా మాట్లాడితే వాడి మీద విరుచుకుపడి తేలికపడేది.

సభ రోజున నగరపాలక సంస్థ భవనంలోని హాలు కిటకిటలాడింది. రైటమ్మ గోడ వెంబడి అటూ ఇటూ తిరుగుతోంది. కార్యదర్శి ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు. తలుపు దగ్గర జనం అడ్డంగా నిలబడితే, "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని అలవాటుకొద్దీ అరిచేసింది. హాలంతా గొల్లుమంది. నవ్వనిది ఒక్క చెల్లెలే. లాండ్రీ ఆడవాళ్లతో కలిసి మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమె వస్తుందని రైటమ్మకి తెలియదు. మాట్లాడబోయే మాటలు ఆమె ఎదురుగా మాట్లాడాలన్నమాట.

మొదట ఇంటి ఓనరు మాట్లాడాడు. తన మోకాళ్ల గురించీ, ఎత్తు మెట్టు గురించీ, తనకి పనికిరాని బస్సుకి తన సొమ్ము పెట్టడం గురించీ మర్యాదగానే చెప్పాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. తర్వాత సభ అధ్యక్షురాలు లాండ్రీ వాళ్లని పిలిచింది. చెల్లెలు లేచింది. మైకు ముందు నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, నేల చూపులు చూస్తూ చెప్పింది.

"మా వాళ్లందరూ స్టేజీలు తీసెయ్యమంటున్నారండి. నేను మాత్రం ఉండనివ్వమంటున్నా. అవి తీసేస్తే మా అక్క ఉద్యోగం పోతుందంట. ఆవిడ కండక్టరు. ఒక్క రోజు నడవనివ్వలేదని నేను ఆవిడతో మాట్లాడ్డం మానేశా. ఆవిడ పని పోగొట్టుకుని నేను సీట్లో కూర్చుని పోలేనండి. మాకు నడక అలవాటే."

అందరూ కళ్లు తుడుచుకునే మాట. రైటమ్మకి మాత్రం కన్నీళ్లు రాలేదు, ఒళ్లు మండిపోయింది. అలవాటంట. మడమకి ఉప్పునీళ్ల కాపడం పెట్టుకుంటూ పళ్లు బిగించేది ఎవరు? దుప్పటి మీద ఇస్త్రీపెట్టె పెట్టి, బరువంతా ఎడమకాలి మీద వేసుకుని నిలబడేది ఎవరు? తనకోసమని ఇంత పచ్చి అబద్ధం నలుగురిలో చెబుతుందా? కార్యదర్శి రమ్మని సైగ చేస్తూనే ఉన్నాడు. అధ్యక్షురాలు పిలవకముందే రైటమ్మ మైకు దగ్గరికి నడిచేసింది.

"ఇప్పుడు మాట్లాడింది మా చెల్లెలండి. ఆవిడ మాట రాసుకోకండి. అబద్ధం. ఆవిడ నడవలేని మనిషి. నేను రోజూ వంతెన దగ్గర కేకేసి ఆవిడని దించేస్తున్నా. ఆవిడనొక్కదాన్నే కాదు, సగం బస్సుని. ఖాళీ సీట్లని మాత్రం జాగ్రత్తగా వంతెన దాటించి అవతల దింపుతున్నా. మా ఇంటి ఓనరు పెద్దాయన తను ఎక్కని బస్సుకి ఎందుకు కట్టాలంటున్నారు. ఈవిడేమో తను దిగిపోయిన బస్సుకి కూడా కట్టిందండి, సగందాకా."

"అంటే మీరు ప్రతిపాదనకి అనుకూలమా, వ్యతిరేకమా?" అని అడిగింది అధ్యక్షురాలు.

రైటమ్మ కార్యదర్శి వైపు చూసింది. ఆయన మొహంలో రక్తం లేదు. "నా ఉద్యోగం పోతుందని చెప్పమన్నారండి. పోతుంది, నిజం. అది కూడా రాసుకోండి. రెండూ రాసుకోండి."

"రెండూ రాయడానికి గడి లేదమ్మా" అన్నాడు పక్కన రాసుకుంటున్న గుమాస్తా.

"అయితే అనుకూలమే" అంది రైటమ్మ, విసురుగా.

కార్యదర్శి లేచి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. వరండాలో చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా నోటి మాట అబద్ధమని నలుగురిలో అంటావా?"

"అంటాను. నువ్వు నాకు ఉద్యోగం దానం చేస్తావా? అంత గొప్పదానివయ్యావా?"

"నువ్వు మాత్రం ఆ రోజు ఏం చేశావు మరి?"

ఇద్దరూ మెట్లు దిగేదాకా అలా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఎన్నాళ్లకో మాటలు కలిశాయి గనక, ఏం మాట్లాడుకుంటున్నామన్నది ఇద్దరూ పట్టించుకోలేదు.

పన్ను పెరిగింది. ఇంటి ఓనరు మాట తప్పలేదు, అద్దె పెంచాడు. స్టేజీలు పోయాయి. విచారణలో రైటమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇంక్రిమెంటు ఆపేశారు గానీ ఉద్యోగం మిగిలింది. అదీ డబ్బాలు వచ్చేదాకానే అని అందరికీ తెలుసు. అవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. పొద్దున్నే డిపో గేటు దగ్గర ఏ వ్యాను ఆగినా, అందులో డబ్బాలున్నాయేమోనని ఆవిడ తొంగి చూస్తుంది.

మొదటి రోజు వంతెన దగ్గర ఎవరూ దిగలేదు. డ్రైవరు అలవాటుకొద్దీ నెమ్మది చేసి, ఎవరూ కదలకపోయేసరికి అద్దంలోంచి రైటమ్మ వైపు చూసి నవ్వాడు. చెల్లెలు కిటికీ పక్క సీట్లో కూర్చుని నదిని చూస్తోంది. "ఇంత వెడల్పుందా ఇది" అంది, ఏదో కొత్తగా చూసినట్టు. రైటమ్మకి ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. చవకన్న మాట ఊరంతా పాకింది. సైకిళ్లు ఇంట్లో పెట్టినవాళ్లు, ఇంటి దగ్గర్నుంచే నడిచి పోయేవాళ్లు, అసలు బయటికే రాని ముసలివాళ్లు, అందరూ బస్సు దారి పట్టారు. పన్నులోంచి టికెట్టుకి డబ్బు వచ్చింది గానీ బస్సుకి బస్సు తోడు రాలేదు. ఉన్న బండి ఒకటే. చెల్లెలు ఎక్కే స్టాపు వచ్చేలోపే మెట్ల మీద జనం వేలాడుతున్నారు. ఒకరోజు ఎలాగో తోసుకుని ఎక్కింది. మర్నాడు ఎక్కలేకపోయింది. మెట్టు మీది నుంచి రైటమ్మ, "వెనకాల ఖాళీ బండి వస్తోంది, అందులో రండి" అని కేకేసింది. కండక్టర్లందరూ చెప్పే అబద్ధమే అది. వెనకాల ఏ బండీ ఉండదు.

"ఎవరికి చెబుతున్నావక్కా?" అంది చెల్లెలు కింద నుంచి. కోపంగా కాదు, జాలిగా అంది.

ఆ మర్నాటి నుంచి చెల్లెలు స్టాపులో కనిపించలేదు. బస్సు కోసం ఆగి, అది ఎక్కనివ్వక, ఆలస్యమైతే పని పోతుంది. సూపర్‌వైజరు అన్న మాట మరిచిపోలేదు. ఏం చేస్తోందో రైటమ్మకి వంతెన మీద తెలిసింది. మనుషుల భుజాల సందులోంచి బయటికి చూస్తే, ఫుట్‌పాత్ మీద చెల్లెలు నడుస్తోంది. ఇంతకుముందు వంతెన ఒక్కటే నడిచేది. ఇప్పుడు ఇంటి దగ్గర్నుంచే నడుస్తోంది. చీకటితో బయల్దేరి ఉంటుంది.

రైటమ్మ చెయ్యి తాడు మీదకి పోయింది. ఒక్క గంట కొట్టింది. బస్సు వంతెన నడిమధ్యన కీచుమని ఆగింది.

"ఇక్కడ ఆపకూడదమ్మోయ్, మళ్లీ మెమో వస్తుంది" అన్నాడు డ్రైవరు.

"రానీ" అని, మెట్ల మీద వేలాడేవాళ్లని చేతులతో పక్కకి తోస్తూ కిందికి వంగింది. "రావే, నా చెయ్యి పట్టుకో."

చెల్లెలు ఆగింది. చెమటతో తడిసిపోయి ఉంది. అక్క చాపిన చేతిని చూసింది, మెట్లని చూసింది, తర్వాత వెనక్కి తిరిగింది. లాండ్రీ ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. వాళ్ల వెనక మిల్లు వాళ్లు, ఆ వెనక ఇంకెవరో. స్టేజీలున్న రోజుల్లో ఫుట్‌పాత్ మీద కనిపించిన వరసే అది.

"నన్నొక్కదాన్నే ఎక్కించుకుంటావా?" అంది చెల్లెలు. "పద అక్కా, నీకు ఆలస్యమవుతుంది." చెంగుతో మొహం తుడుచుకుని, ఆ కుడికాలు ఈడ్చుకుంటూనే మళ్లీ నడక మొదలుపెట్టింది.

రైటమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాసేపు పట్టింది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. గంట రెండుసార్లు కొట్టింది. బస్సు కదిలింది.

"వంతెన మీద ఎందుకాపినట్టు?" అని విసుక్కున్నాడు పక్కనే ఒరుసుకుంటూ నిలబడ్డ ఒకాయన.

"మా వాళ్లని ఎక్కించుకుందామని."

"మరి ఎక్కించుకోలేదేం?"

రైటమ్మ అతని మొహంలోకి చూసింది. కొత్తవాడేం కాదు. మొన్న మొన్నటిదాకా కేక వినగానే దిగిపోయి, ఇదే వంతెన మీద చంకలో సంచీతో నడిచినవాడే.

"చోటెక్కడ?" అంది.

అతను పక్కనున్న మనిషికి ఆనుతున్న తన సంచీని తీసి గుండెలకి దగ్గరగా పట్టుకున్నాడు.